537 ఓట్లు: 2000లో అల్ గోర్ గెలిచి ఉంటే?

పినాకిని (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. పానిపట్టులో మరాఠాలు గెలిచి ఉంటే, నెహ్రూ బదులు పటేల్ ప్రధాని అయి ఉంటే లాంటి చర్చలు ఇక్కడ చాలా చేశాం. ఈసారి అమెరికా గురించి మాట్లాడుకుందామని ఉంది.

2000 నవంబర్ 7 ఎన్నిక. రిపబ్లికన్ జార్జ్ బుష్ మీద పోటీ చేసింది అప్పటి ఉపాధ్యక్షుడు, డెమొక్రాట్ అల్ గోర్. ఫ్లోరిడాలో దాదాపు 60 లక్షల ఓట్లు పోలైతే, బుష్ 537 ఓట్ల తేడాతో గెలిచినట్టు తేల్చారు. మన దగ్గర ఒక మోస్తరు ఊరి సర్పంచ్‌కి కూడా అంతకన్నా ఎక్కువ మెజారిటీ వస్తుంది. అక్కడ అధ్యక్షుణ్ణి తేల్చేది రాష్ట్రాల వారీగా దక్కే ఎలక్టోరల్ ఓట్లు, గెలవాలంటే 270 కావాలి. ఆ ఒక్క రాష్ట్రం కలవడంతో బుష్‌కు మొత్తం 271 అయ్యాయి. దేశం మొత్తం మీద గోర్‌కు ఐదు లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ పడినా ఇంటికి వెళ్ళాల్సి వచ్చింది.

నా కథలో నేను మార్చేది ఒకే ఒక్క కాగితం. పామ్ బీచ్ కౌంటీ బ్యాలెట్. అక్కడ వయసు మళ్ళినవాళ్ళు ఎక్కువ కదా అని ఎన్నికల అధికారి అక్షరాలు పెద్దవి చేశారు. దాంతో పది మంది అభ్యర్థుల పేర్లు ఒక పేజీలో పట్టలేదు. ఎడమ పేజీలో కొన్ని పేర్లు, కుడి పేజీలో కొన్ని పేర్లు వేసి, మధ్యలో చిల్లులు పొడిచే వరస పెట్టారు. ఎడమ పక్క పైనుంచి రెండో పేరు గోర్‌ది. కానీ రెండో చిల్లు కుడి పేజీలో ఉన్న చిన్న పార్టీ అభ్యర్థి ప్యాట్ బుకానన్‌ది. గోర్‌ది మూడో చిల్లు. ఆ కౌంటీలో బుకానన్‌కు 3,407 ఓట్లు పడ్డాయి. అవి చాలావరకు తనకోసం వేసినవి కావని ఆయనే టీవీలో ఒప్పుకున్నాడు. ఇక పొరపాటు తెలుసుకుని గోర్ చిల్లు కూడా పొడిచినవాళ్ళ ఓట్లు అసలు చెల్లలేదు. అలా పోయినవి 5,000 పైన.

ఆ అధికారి అక్షరాలు చిన్నవిగానే ఉంచి, అందరి పేర్లూ ఒకే పేజీలో వేశారనుకోండి. గోర్ ఆరు వేల ఓట్లతో ఫ్లోరిడా గెలుస్తాడు. 2001 జనవరి 20న ప్రమాణం చేస్తాడు. ఇరాక్ యుద్ధం జరగదు. భూమి వేడెక్కడాన్ని తగ్గించే క్యోటో ఒప్పందం నుంచి అమెరికా బయటికి రాదు. భారత్‌తో స్నేహం ఇంకా గట్టిపడుతుంది. 2004లో మళ్ళీ గెలుస్తాడు. ఇదీ నా చిత్తుప్రతి. ఎక్కడ తప్పినా మొహమాటపడకుండా చెప్పండి.

---

టాంపా_తెలుగు

పినాకిని గారూ, ఆ రాత్రి నేను టాంపాలోనే ఉన్నాను. హెచ్-1బి మీద వచ్చి పద్నాలుగు నెలలు అయింది. ఓటు లేదు, కానీ నలుగురం రూమ్మేట్లం తెల్లారేదాకా టీవీ ముందే కూర్చున్నాం. ఎనిమిది కాకముందే ఫ్లోరిడా గోర్‌దే అన్నారు. అప్పటికి రాష్ట్రం పడమటి కొసలో, గడియారం ఒక గంట వెనక ఉండే జిల్లాల్లో, ఇంకా పోలింగ్ నడుస్తోంది. పదింటికి ఆ మాట వెనక్కి తీసుకున్నారు. రాత్రి రెండుంపావు దాటాక బుష్ అన్నారు. గోర్ ఫోన్ చేసి అభినందించి, నాష్‌విల్‌లో వానలో జనం ముందుకు వెళ్తూ ఉంటే ఆయన మనుషులు ఆపారు. మళ్ళీ ఫోన్ చేసి ఓటమి ఒప్పుకున్న మాట వెనక్కి తీసుకున్నాడు. నాలుగింటికి ఎవరూ గెలవలేదన్నారు.

ఒక సంగతి చెప్పాలి. ఆ రాత్రి వొలూసియా కౌంటీలో ఒక పోలింగ్ కేంద్రం నుంచి గోర్‌కు మైనస్ 16,022 ఓట్లు అని కంప్యూటర్లో వచ్చింది. మైనస్! తర్వాత సరిదిద్దారు. కానీ టీవీ వాళ్ళు బుష్ పేరు చెప్పినప్పుడు ఆ తప్పు లెక్క కూడా అందులో ఉంది.

అందరూ పామ్ బీచ్ గురించే మాట్లాడతారు. నాకు ఎప్పుడూ బాధనిపించేది డ్యూవల్ కౌంటీ, అంటే జాక్సన్‌విల్. అక్కడ అధ్యక్ష అభ్యర్థుల పేర్లు వరసగా రెండు పేజీల మీద వేశారు. ముందుగా పంచిన నమూనా బ్యాలెట్ మీద ప్రతి పేజీలోనూ ఓటు వేయమని రాసి ఉంది. జనం అలాగే చేశారు. రెండు పేజీల్లో రెండు చిల్లులు. 20 వేలకు పైగా ఓట్లు చెల్లకుండా పోయాయి, అందులో నల్లజాతి వాళ్ళ పేటల్లోవి చాలా ఎక్కువ. మా ఆఫీసులో శుభ్రం చేసే పెద్దావిడ ఒకరు ఉండేవారు, వాళ్ళ చెల్లెలు అక్కడే ఉండేది. "మా అమ్మ కాలంలో ఓటు వేయనివ్వలేదు, మా కాలంలో వేయనిచ్చి లెక్కపెట్టలేదు" అని ఆవిడ నాతో అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. మీ కథలో ఒక్క కాగితమే మార్చాలంటే నేనైతే జాక్సన్‌విల్ కాగితం మారుస్తాను.

---

చలివేంద్రం

కాగితం ఎందుకండీ? గ్రీన్ పార్టీ అభ్యర్థి రాల్ఫ్ నాడర్‌కు ఫ్లోరిడాలో 97 వేల ఓట్లు వచ్చాయి. ఆయన పోటీ చేయకపోతే చాలు కదా. లేకపోతే న్యూ హాంప్‌షైర్. అక్కడ గోర్ ఓడింది 7,211 ఓట్లతో. ఆ నాలుగు ఎలక్టోరల్ ఓట్లు వస్తే ఫ్లోరిడా గొడవే ఉండేది కాదు.

---

పినాకిని

చలివేంద్రం గారూ, నాడర్ పోటీ చేయకపోతే దేశమంతటా ప్రచారమే మారిపోతుంది, అప్పుడు నేను ఏం చెప్పినా ఊహే అవుతుంది. గోర్ సొంత రాష్ట్రం టెనెసీలో గెలిచినా చాలు, కానీ దానికీ ఏడాది ముందునుంచి అన్నీ మార్చాలి. కాగితం మారిస్తే ఆ రోజు ఉదయం వరకు జరిగినదంతా అలాగే ఉంటుంది. అందుకే కాగితం. టాంపా గారూ, జాక్సన్‌విల్ గురించి మీరు చెప్పింది చదివాక రెండు కాగితాలూ మార్చాలనిపిస్తోంది. ఆలోచిస్తాను.

---

నల్లరేగడి

అందరూ ఫ్లోరిడా దగ్గరే ఆగిపోయారు. గోర్ గెలిచిన మర్నాడు సెనేట్ ఎలా ఉంటుందో చూశారా?

2000 ఎన్నికల్లో సెనేట్ 50-50గా తేలింది. గోర్ జోడీ జో లీబర్‌మన్. ఆయన అదే రోజు కనెక్టికట్ నుంచి సెనేట్‌కు కూడా పోటీ చేసి గెలిచాడు. ఉపాధ్యక్షుడు కావాలంటే ఆ సీటు వదులుకోవాలి. ఖాళీ అయిన సీటులో ఎవరిని వేయాలో అప్పట్లో ఆ రాష్ట్ర గవర్నర్ చెప్పేవాడు. అప్పటి గవర్నర్ జాన్ రోలండ్ రిపబ్లికన్. ఆయన తన పార్టీ మనిషినే వేస్తాడు. అంటే 51-49. ఉపాధ్యక్షుడి నిర్ణాయక ఓటుకు పనే లేదు.

అసలు చరిత్రలో 2001 మేలో జిమ్ జెఫర్డ్స్ రిపబ్లికన్ పార్టీ వదిలేసి సెనేట్‌ను డెమొక్రాట్ల చేతిలో పెట్టాడు. అది బుష్ ప్రభుత్వంతో పడక. గోర్ అధ్యక్షుడైతే ఆయనకు పార్టీ వదలాల్సిన కారణమే లేదు. ప్రతినిధుల సభ ఎటూ రిపబ్లికన్లదే, 221 మందితో. అంటే గోర్ మొదటి రోజు నుంచే రెండు సభలూ ఎదురు తిరిగిన అధ్యక్షుడు. మంత్రుల నియామకం, జడ్జీలు, బడ్జెట్, ఒప్పందాలు, అన్నిటికీ సెనేట్‌లో రిపబ్లికన్ల నాయకుడు ట్రెంట్ లాట్ గుమ్మం ముందు నిలబడాలి.

క్యోటో సంగతికి వద్దాం. 1997 జూలైలో సెనేట్ 95-0తో తీర్మానం చేసింది. చైనా, భారత్ లాంటి దేశాలకు హద్దులు పెట్టని ఒప్పందం మాకొద్దని. ఒక్క డెమొక్రాట్ కూడా వ్యతిరేకంగా వేయలేదు. ఒప్పందం నెగ్గాలంటే 67 మంది కావాలి. గోర్ క్యోటో నుంచి బయటికి రాడు, నిజమే. కానీ లోపలికీ వెళ్ళలేడు. సంతకం పెట్టిన కాగితం అలా బీరువాలో ఉంటుంది.

---

పినాకిని

లీబర్‌మన్ సీటు సంగతి నాకు తట్టనే లేదు. చాలా థాంక్స్ నల్లరేగడి గారూ. మూడో అధ్యాయం మొత్తం కొట్టేస్తున్నాను.

---

చలివేంద్రం

నాకు అన్నిటికన్నా ముఖ్యం సెప్టెంబర్ 11. అది జరిగేదా, ఆగేదా?

ఆగేదని నేను గట్టిగా నమ్ముతాను. కారణం 1999 డిసెంబర్. అహ్మద్ రెస్సామ్ అనేవాడు కెనడా నుంచి కారులో పేలుడు పదార్థాలతో వస్తూ వాషింగ్టన్ రాష్ట్రంలో దొరికాడు. లాస్ ఏంజెలెస్ విమానాశ్రయం వాడి గురి. అప్పుడు క్లింటన్ జాతీయ భద్రతా సలహాదారు శాండీ బెర్గర్ వైట్‌హౌస్‌లో దాదాపు రోజూ పెద్దలందరినీ కూర్చోబెట్టి, ఎఫ్‌బీఐ నుంచీ సీఐఏ నుంచీ ఏ చిన్న కబురొచ్చినా బల్ల మీద పెట్టించాడు. కొత్త సంవత్సరం ప్రశాంతంగా గడిచింది.

2001లో ఏమైంది? వైట్‌హౌస్‌లో ఉగ్రవాద నిరోధం చూసే రిచర్డ్ క్లార్క్ జనవరి 25నే అల్ ఖైదా మీద అత్యవసరంగా సమావేశం పెట్టమని రాశాడు. మంత్రుల స్థాయి సమావేశం జరిగింది సెప్టెంబర్ 4న. మధ్యలో జూలైలో ఫీనిక్స్ ఎఫ్‌బీఐ నుంచి, విమానాలు నడపడం నేర్చుకుంటున్న అనుమానితుల గురించి లేఖ వచ్చింది. ఆగస్టు 6న బిన్ లాడెన్ అమెరికా లోపలే దాడి చేయాలని పట్టుదలతో ఉన్నాడని బుష్‌కు నోట్ వెళ్ళింది. ఆగస్టు 16న మిన్నసోటాలో మూసావీ అనే అనుమానితుడు అరెస్టయ్యాడు. ఆ నెల 20 దాటాక ఇద్దరు హైజాకర్ల పేర్లు నిఘా జాబితాలో చేరాయి. గోర్ ఎనిమిదేళ్ళు అదే ఇంట్లో ఉన్న మనిషి. 1996లో విమాన భద్రత కమిషన్‌కు ఆయనే అధ్యక్షుడు. క్లార్క్‌ను ఎవరో గుమాస్తాలా చూసేవాడు కాదు.

---

నల్లరేగడి

చలివేంద్రం గారూ, మీరు చెప్పినవన్నీ నిజాలే. కానీ ఆ కబుర్లన్నీ తెలిసిన కాగితాలుగా మనకు ఇప్పుడు కనిపిస్తున్నాయి. అప్పుడవి వేరు వేరు ఊళ్ళలో, వేరు వేరు ఆఫీసుల్లో ఉన్నాయి. ఫీనిక్స్ లేఖ ఎఫ్‌బీఐ పై అధికారుల దాకా వెళ్ళనే లేదు. సీఐఏకి తెలిసింది ఎఫ్‌బీఐకి చెప్పకపోవడం గోర్ వస్తే మారదు. సీఐఏ అధిపతి టెనెట్ క్లింటన్ పెట్టిన మనిషే. బుష్ అట్టే ఉంచాడు, గోర్ కూడా ఉంచేవాడు. మరో మాట. రెస్సామ్‌ను పట్టుకున్నది వైట్‌హౌస్ సమావేశాలు కాదు. పడవ దిగుతుంటే వాడి కంగారు చూసి అనుమానించిన కస్టమ్స్ ఉద్యోగిని.

ఆగే అవకాశం కాస్త పెరుగుతుంది, అంతవరకు ఒప్పుకుంటాను. ఆగుతుందని రాస్తే మాత్రం కథ తేలికైపోతుంది. జరిగిందనే అనుకుని ముందుకు వెళ్ళండి, అప్పుడు ఏమవుతుందో చూడండి. అసలు చరిత్రలో దాడి తర్వాత బుష్‌కు గాలప్ సర్వేలో 90 శాతం మద్దతు వచ్చింది. కొత్తగా వచ్చిన అధ్యక్షుడు, తప్పు పాతవాళ్ళదన్నారు. గోర్‌కు ఆ అవకాశం లేదు. పాతవాడూ ఆయనే. 2000 అక్టోబర్‌లో అమెరికా యుద్ధనౌక కోల్ మీద అల్ ఖైదా దాడిలో 17 మంది నావికులు చనిపోతే బదులు తీర్చుకోని ప్రభుత్వంలో రెండో మనిషి. విమాన భద్రత కమిషన్ కూడా ఆయన మెడకే చుట్టుకుంటుంది. విమాన సంస్థలు ఖర్చుకు వెనకాడితే గట్టిగా పట్టుబట్టలేదేమని అడుగుతారు. మొదటి నెల అందరూ జెండా పట్టుకుంటారు. అఫ్గానిస్తాన్ యుద్ధం జరుగుతుంది. 2002 జనవరికల్లా రిపబ్లికన్ కాంగ్రెస్ విచారణలు మొదలుపెడుతుంది.

---

మోడరేటర్

చర్చ బాగా సాగుతోంది. ఒక్క మనవి. ఇప్పటి అమెరికా ఎన్నికల గొడవలు ఇందులోకి తేవద్దు. మధ్యలో ఇద్దరి పోస్టులు తీసేశాను.

---

చెయ్యేరు

ఇరాక్ యుద్ధం జరగదని ఒక్క వాక్యంలో రాసేశారు పినాకిని గారు. నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను.

మాది రాజంపేట పక్కన పల్లె. మా నాయన కువైట్‌లో డ్రైవరు. 1990 ఆగస్టులో సద్దాం కువైట్ మీద పడ్డప్పుడు ఎడారి దాటి జోర్డాన్ చేరి, అమ్మాన్ నుంచి మన విమానంలో బొంబాయి వచ్చాడు. ఒంటి మీద చొక్కాతో వచ్చాడని అమ్మ ఇప్పటికీ చెబుతుంది. అప్పులు తీరలేదని మళ్ళీ వెళ్ళాడు. 2003 మార్చిలో అమెరికా యుద్ధం మొదలుపెట్టాక ఇరాక్ కువైట్ మీదికి క్షిపణులు వదిలింది. సైరన్ మోగినప్పుడల్లా కిటికీలకు టేపు అంటించి గదిలో కూర్చునేవాళ్ళట. మా ఊళ్ళో ఎస్టీడీ బూత్ ముందు ఆడవాళ్ళు వరసగా నిలబడ్డం నేను చూశాను, నాకప్పుడు పద్నాలుగేళ్ళు. ఆ తర్వాత నాయన పనిచేసే చోటు, అమెరికా సైన్యానికి సరుకు మోసే కాంట్రాక్టు తీసుకుంది. జీతం ఎక్కువిస్తామని సరిహద్దు దాటి వెళ్ళమన్నారు. 2004లో ఇరాక్‌లో మన దేశం డ్రైవర్లు ముగ్గురిని ఎత్తుకుపోయారు, గుర్తుందా? ఆ వార్త వచ్చాక అమ్మ ఒట్టు పెట్టించుకుని ఇంటికి రప్పించింది.

కాబట్టి నాకు ఇది సరదా ప్రశ్న కాదు. గోర్ వస్తే నిజంగా యుద్ధం ఆగేదా? లీబర్‌మన్ యుద్ధం కావాలన్నవాళ్ళలో ముందున్నాడు కదా. గోర్ కూడా 1991లో సెనేట్‌లో యుద్ధానికి ఓటేశాడు. డెమొక్రాట్లలో అలా వేసినవాళ్ళు పదిమందే.

---

పినాకిని

చెయ్యేరు గారూ, మీ పోస్టు రెండుసార్లు చదివాను. ఆ వాక్యం తేలిగ్గా రాసినందుకు క్షమించండి. దీని మీద పూర్తిగా రాస్తాను.

గోర్ శాంతిదూత కాడు. సద్దాంను దింపడం అమెరికా విధానమని చెప్పే చట్టం మీద 1998లో సంతకం పెట్టింది క్లింటనే. అదే ఏడాది డిసెంబర్‌లో నాలుగు రోజులు ఇరాక్ మీద బాంబులు వేశారు. గోర్ అదంతా సమర్థించాడు. అందుకే చాలామంది, గోర్ ఉన్నా యుద్ధం జరిగేదంటారు.

నేను ఒప్పుకోను. కారణం గోర్ మంచితనం కాదు, చుట్టూ ఉండే మనుషులు. బుష్ ప్రభుత్వంలో రక్షణ మంత్రి రమ్స్‌ఫెల్డ్, ఆయన డిప్యూటీ వుల్ఫోవిట్జ్, ఉపాధ్యక్షుడు చేనీ ఆ దిశగా తోస్తూ వచ్చారు. దాడి జరిగిన సాయంత్రానికే సద్దాం పేరు రమ్స్‌ఫెల్డ్ నోట వచ్చింది. గోర్ వెంట ఉండేది ఆయన భద్రతా సలహాదారు లియోన్ ఫ్యూర్త్, దౌత్యవేత్త హోల్‌బ్రూక్ లాంటివాళ్ళు. వాళ్ళు కఠినులే, కానీ అఫ్గానిస్తాన్ పని సగంలో వదిలి బాగ్దాద్‌కు లక్షన్నర సైన్యాన్ని పంపే ఆలోచన వాళ్ళది కాదు. 2002 సెప్టెంబర్ 23న గోర్ శాన్ ఫ్రాన్సిస్కోలో మాట్లాడాడు. ఇరాక్ మీద దృష్టి పెడితే అల్ ఖైదా మీద పోరు దెబ్బతింటుంది, మిత్రదేశాలు దూరమవుతాయి అన్నాడు. అప్పటికి పార్టీలో పెద్దవాళ్ళు చాలామంది నోరు మెదపలేదు. మూడు వారాల్లో సెనేట్ 77-23తో యుద్ధానికి అనుమతిచ్చింది.

పదవిలో లేడు కాబట్టి అనగలిగాడు అంటారు. కావచ్చు. కానీ యుద్ధం కావాలని తోసే యంత్రాంగమే లేని చోట, రిపబ్లికన్ కాంగ్రెస్ తిట్టినంత మాత్రాన అంత పెద్ద యుద్ధం మొదలుకాదు.

అయితే ఆగిపోయిందంటే ఇరాక్ బాగుపడిందని కాదు. ఆంక్షలు ఉంటాయి. మందులకు, తిండికి కరువు ఉంటుంది. విమానాలు ఎగరకూడని ప్రాంతాల మీద బాంబులు పడుతూనే ఉంటాయి. సద్దాం, అతని కొడుకులు ఉంటారు. మీ నాన్నగారికి 2003 మార్చి సైరన్లు ఉండవు, సరిహద్దు దాటే లారీ ఉండదు. ఆ భయం మాత్రం ఉత్తరాన అలాగే ఉంటుంది. ఇంతకన్నా గట్టిగా నేను చెప్పలేను.

---

చెయ్యేరు

చాలు పినాకిని గారూ. నాయనకు చదివి వినిపించాను. "సద్దాం ఉంటే నేను మళ్ళీ కువైట్ పోయేవాణ్ణే కాదు, పోకపోతే చెల్లెలి పెళ్ళి ఎట్ల చేసేవాణ్ణి" అన్నాడు.

---

మౌలాలి_క్వార్టర్స్

భారత్‌తో స్నేహం ఇంకా గట్టిపడుతుందన్నారు. ఇక్కడే నాకు పేచీ.

2000 మార్చిలో క్లింటన్ హైదరాబాద్ వచ్చినప్పుడు మన పేపర్లన్నీ పొంగిపోయాయి, రోడ్లు కడిగారు, హైటెక్ సిటీ చూపించారు. కానీ 1998 పోఖ్రాన్ అణు పరీక్షల తర్వాత పెట్టిన ఆంక్షలు చాలావరకు అలాగే ఉన్నాయి. మన విదేశాంగ మంత్రి జస్వంత్ సింగ్, అమెరికా విదేశాంగ శాఖ డిప్యూటీ టాల్బాట్ అన్ని విడతలు మాట్లాడుకున్నా అమెరికా ముఖ్యంగా అడిగింది, అణు పరీక్షల నిషేధ ఒప్పందం మీద సంతకం పెట్టండని. ఆ ఒప్పందాన్ని 1999 అక్టోబర్‌లో వాళ్ళ సెనేటే ఓడించింది. గోర్ వెంటనే, నేను గెలిస్తే మళ్ళీ సెనేట్ ముందు పెడతానని ప్రకటించాడు. ఇప్పుడు నల్లరేగడి గారి 51-49 గుర్తు తెచ్చుకోండి. 67 ఓట్లు ఎక్కడివి? తన సెనేటే ఒప్పుకోని కాగితం మీద మనల్ని సంతకం పెట్టమంటాడు. మనం పెట్టం. ఎడమొహం పెడమొహంగా నాలుగేళ్ళు.

సెప్టెంబర్ 11 జరిగితే పాకిస్తాన్ అవసరం కోసం ఇద్దరి మీదా ఆంక్షలు ఎత్తేస్తారు, అది బుష్ చేసినట్టే. కానీ 2005 జూలై 18 ఉండదు. ఆ రోజు మన్మోహన్ సింగ్, బుష్ కలిసి చేసిన ప్రకటనే అణు ఒప్పందానికి మొదలు. అణ్వస్త్ర వ్యాప్తి వద్దనే సిద్ధాంతాన్ని గోర్ మనుషులు ప్రాణంగా చూసేవాళ్ళు. మనకోసం నిబంధనలు వంచమని 2008 సెప్టెంబర్‌లో వియన్నాలో అణు ఇంధనం అమ్మే దేశాల మీద ఒత్తిడి తెచ్చేది వాళ్ళు కాదు.

మా నాన్నగారు హైదరాబాద్‌లోని ఎన్ఎఫ్‌సీలో, అంటే అణు ఇంధన సంస్థలో, పనిచేసి రిటైరయ్యారు. దేశంలోని రియాక్టర్లకు ఇంధన కడ్డీలు తయారయ్యేది అక్కడే. 2007, 2008లో యురేనియం చాలక రియాక్టర్లు సగం శక్తితో నడిచాయి. 2009లో ఫ్రాన్స్ నుంచి సరుకు వచ్చాక గానీ షాపులో మునుపటి సందడి రాలేదని నాన్న చెప్పేవారు. గోర్ కాలంలో ఆ సరుకు రాదు. మరి ఎక్కడినుంచి తెస్తారు? మన నేలలోంచే.

కడప జిల్లా తుమ్మలపల్లి గని ఎటూ వచ్చింది. కానీ నల్గొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు? నాగార్జునసాగర్ పక్కనే కదా. 2003లో జనం గట్టిగా ఎదురు తిరిగితే ఆ గని ఆగిపోయింది. బయటి యురేనియం లేని దేశంలో ఢిల్లీ అంత తేలిగ్గా వదిలేదా? 2019లో నల్లమల గురించి ఊరూవాడా లేచి, తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. ఆ గొడవ పదేళ్ళ ముందే, ఇంకా పెద్దగా వచ్చేది. ఫ్లోరిడాలో ఒక కాగితం మారిస్తే పెద్దగట్టు తండాలో గని తవ్వే పరిస్థితి వస్తుందంటే నాకు నిద్ర పట్టలేదు నిన్న రాత్రి.

---

నల్లరేగడి

ఈ చర్చ మొత్తంలో నాకు బాగా నచ్చిన పోస్టు ఇది. నేను ఇంకోటి కలుపుతాను. అణు ఒప్పందం లేకపోతే 2008 జూలైలో వామపక్షాలు యూపీఏను వదలవు. 275-256తో గట్టెక్కిన విశ్వాస పరీక్ష ఉండదు. అప్పుడు 2009లో మన రాష్ట్రంలో సీపీఎం, సీపీఐ 2004లోలాగా కాంగ్రెస్‌తోనే ఉంటాయి. మహాకూటమి పుట్టదు.

---

వైరా_కాలువ

నల్లరేగడి అన్నా, ఇది మాత్రం ఒప్పుకోను. మాది ఖమ్మం జిల్లా. 2007 జూలై 28న ముదిగొండలో భూపోరాటం మీద పోలీసులు కాల్పులు జరిపారు. మనుషులు చనిపోయారు. అప్పుడు రాష్ట్రంలో కాంగ్రెస్ ప్రభుత్వం. ఆ రోజే మా దగ్గర ఎర్రజెండావాళ్ళకు కాంగ్రెస్‌తో తెగిపోయింది. అణు ఒప్పందం గురించి ఢిల్లీలో మాట్లాడుకున్నారు, మా ఊళ్ళో ఎవరూ మాట్లాడలేదు. బుష్ ఉన్నా గోర్ ఉన్నా ముదిగొండ ముదిగొండే.

---

నల్లరేగడి

నిజమే తమ్ముడూ. ఆ ముక్క వెనక్కి తీసుకుంటున్నాను.

---

చలివేంద్రం

2004 ఎన్నిక ఎవరూ తేల్చలేదు. గోర్ ఓడిపోతాడని నా అభిప్రాయం. పన్నెండేళ్ళుగా ఒకే పార్టీ, దాడి జరిగిన నింద, ఎదురు కాంగ్రెస్. రిపబ్లికన్ సెనేటర్ జాన్ మెకెయిన్ నిలబడితే సునాయాసంగా గెలుస్తాడు. సుప్రీంకోర్టు గురించి మాత్రం భయం. ప్రధాన న్యాయమూర్తి రెన్‌క్విస్ట్ 2005 సెప్టెంబర్‌లో చనిపోయాడు. ఆ రోజు ఎవరు అధ్యక్షుడైతే వాళ్ళే ఆయన స్థానంలో కొత్తవారిని ఎంచుతారు. గోర్ 2000లో గెలిచీ, ఆ కుర్చీ మెకెయిన్ చేతికే ఇచ్చి వెళ్తాడన్నమాట. ఇక ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించి పైకొచ్చిన ఒబామాకు 2008లో ఆ దారి ఉండదు.

హెచ్-1బి గురించి అడిగేవాళ్ళకు ముందే చెబుతున్నాను. కోటాను 1,95,000కు పెంచిన చట్టం 2000 అక్టోబర్‌లోనే వచ్చింది. మూడేళ్ళ గడువు అయిపోగానే 65 వేలకు దానంతట అదే పడిపోయింది. డాట్‌కామ్ కూలడం కూడా ఎన్నికకు ముందే మొదలైంది. గోర్ వచ్చినా 2001లో మనవాళ్ళు బెంచ్ మీదే.

---

టాంపా_తెలుగు

అవును, నేనూ ఆ బెంచ్ మీదే ఉన్నాను, ఏడు నెలలు. నలుగురు రూమ్మేట్లలో ఇద్దరు టికెట్ కొనుక్కుని వెళ్ళిపోయారు.

పినాకిని గారూ, ఇన్ని రోజులూ మనం ఒక సంగతి వదిలేశాం. గోర్ ఆరు వేలతో గెలుస్తాడు, జనవరిలో ప్రమాణం చేస్తాడు అని మొదలుపెట్టారు. ఫ్లోరిడా చట్టం ప్రకారం తేడా అర శాతం లోపు ఉంటే మెషీన్ రీకౌంట్ తప్పనిసరి. 60 లక్షల్లో అర శాతం అంటే 30 వేలు. ఆరు వేలైనా రీకౌంట్ జరుగుతుంది. ఈసారి వెనకబడింది బుష్. బుష్ తరఫున రీకౌంట్ పోరు నడిపిన జేమ్స్ బేకర్ అదే లాయర్లతో దిగుతాడు, కానీ చెల్లని ఓట్లు మళ్ళీ చూడండని అడిగేది ఆయన. చేతితో లెక్కించకూడదన్న వాదన గోర్ వైపు వస్తుంది. విదేశాల నుంచి వచ్చే సైనికుల, ఇతరుల ఓట్ల వల్ల అసలు చరిత్రలో బుష్‌కు లాభం ఆరు వందల చిల్లరే. ఆరు వేలు పూడ్చడానికి అది చాలదు.

కానీ ఫలితం ధ్రువీకరించాల్సింది ఆ రాష్ట్ర ఎన్నికలు చూసే అధికారి క్యాథరిన్ హారిస్. ఆమె బుష్ ప్రచారంలో సహ అధ్యక్షురాలు. ఫ్లోరిడా గవర్నర్ జెబ్ బుష్, జార్జ్ బుష్‌కు సొంత తమ్ముడు. శాసనసభ వాళ్ళ పార్టీదే. అసలు చరిత్రలో డిసెంబర్ 12న అక్కడి దిగువ సభ 79-41తో బుష్ ఎలక్టర్లను తామే ఎంచుతున్నట్టు ఓటు వేసింది. గెలిచినప్పుడే అంత చేసినవాళ్ళు, ఓడిపోతుంటే ఊరుకుంటారా?

---

పినాకిని

టాంపా గారూ, నా మొదటి అధ్యాయం కూడా పోయింది. నిజంగా సంతోషంగా ఉంది, ఇలా చెప్పేవాళ్ళు ఉన్నందుకు.

మీరు రాసింది చదివాక 2001 జనవరి 6 నాటి వీడియో మళ్ళీ చూశాను. ఉపాధ్యక్షుడి హోదాలో ఎలక్టోరల్ ఓట్ల లెక్కింపుకు అధ్యక్షత వహించింది గోరే. ఫ్లోరిడా ఓట్లు ఒప్పుకునేది లేదని నల్లజాతి ప్రతినిధులు ఒకరి తర్వాత ఒకరు లేచారు. అప్పటి చట్టం ప్రకారం ఒక సెనేటర్ సంతకం కూడా కావాలి. ఒక్కరూ పెట్టలేదు. తనకోసం లేచినవాళ్ళనే గోర్ కూర్చోమని చెప్పాల్సి వచ్చింది. మీరు చెప్పిన జాక్సన్‌విల్ పెద్దావిడ మాట నాకు అక్కడ గుర్తొచ్చింది.

మన కథలో ఆ రోజు ఫ్లోరిడా నుంచి రెండు కవర్లు వస్తాయి. ఒకటి ఓటర్లు ఎంచినది, ఒకటి శాసనసభ ఎంచినది. 1876లో కూడా ఫ్లోరిడా నుంచి ఇలాగే రెండు రకాల ఓట్లు వచ్చాయి, అప్పుడు 15 మంది కమిషన్ 8-7తో రిపబ్లికన్ అభ్యర్థి హేస్‌ను గెలిపించింది. ఇప్పుడు కుర్చీలో ఉన్నది స్వయంగా అభ్యర్థి. ఏ కవర్ ముందు తెరవాలి, తెరిచే హక్కు ఆయనకు ఉందా? రిపబ్లికన్ సెనేటర్లలో ఎవరు సంతకం పెడతారు, ఎవరు పెట్టనంటారు? జెఫర్డ్స్ పెట్టడని నా నమ్మకం. నల్లరేగడి గారూ, మిగతా 49 మంది పేర్లు ముందు పెట్టుకుని కూర్చుందామా? శనివారం రాత్రి నేను ఖాళీ.